ఆశ్రయాల పొత్తు: రుక్మిణీదేవి అరండేల్ స్మృతిలో కడంబత్తూరు ఉపన్యాసం

రుక్మిణీదేవి అరండేల్‌ను తలుచుకున్నప్పుడల్లా 1936లో ఆమె నెలకొల్పిన కళాక్షేత్రం గురించి, భరతనాట్యం గురించి మాట్లాడతాం. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆమె చేసిన రెండో పెద్ద పని గురించి. 1952లో రాజ్యసభకు నామినేట్ అయిన ఆమె ఆ తర్వాత కొద్దికాలానికే జంతుహింస నివారణ కోసం ప్రైవేటు బిల్లు తెచ్చారు. అప్పుడు ఆ సభకు అధ్యక్షులు మన తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆ పని ప్రభుత్వమే చేపడుతుందని ప్రధాని నెహ్రూ మాట ఇచ్చాక ఆమె బిల్లును వెనక్కి తీసుకున్నారు. ఆ మాట చట్టమయ్యేసరికి 1960 డిసెంబరు వచ్చింది. తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి విడిపోయి మద్రాసు రాష్ట్రంలో కలిసింది కూడా ఆ ఏడాదే, ఏప్రిల్ 1న. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలు రుక్మిణీదేవి. నోరులేని జీవి బాధ ప్రభుత్వానికి పట్టవలసిన సంగతేనని ఆ చట్టం ఒప్పుకుంది. కానీ కాలు విరిగిన కుక్కను ఎవరు ఎత్తుకెళ్ళాలో, ఎక్కడ ఉంచాలో, ఎన్నాళ్ళు తిండి పెట్టాలో చాలావరకు దయగల మనుషులకే వదిలేసింది. వాళ్ళు అప్పులు చేసి, ఇళ్ళు అమ్ముకుని ఆశ్రయాలు కట్టారు. ఎవరి ఆశ్రయం వారిది, ఎవరి గోడ వారిది. ఈ సభ ముందు నేను పెట్టే వాదన ఒక్కటే. మన ప్రాంతంలో మూగజీవాలకు ఇకమీద మేలు జరగాలంటే మరో ఆశ్రయం కట్టేకన్నా ముందు, ఉన్న ఆశ్రయాలూ పశువైద్యశాలలూ పంచాయతీలూ కాగితం మీద పొత్తు కుదుర్చుకోవాలి.

ఈ సంగతి వాయిదా వేయడానికి ఇప్పుడు వీల్లేదు. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ధర్మాసనం ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కలన్నిటినీ ఆశ్రయాలకు తరలించమంది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించి, కూనలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలని చెప్పింది. రేబీస్ సోకినవాటినీ, మీదపడి కరిచేవాటినీ మాత్రం మినహాయించింది. నవంబరు 7న వచ్చిన ఉత్తర్వు దేశమంతటికీ వర్తించేది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లో ఉన్న కుక్కలను పట్టుకుని, ఆపరేషన్ చేసి, టీకా వేసి, నిర్దేశించిన ఆశ్రయాల్లో ఉంచాలి. మళ్ళీ అక్కడ వదలకూడదు. ఈ ఉత్తర్వు మంచిచెడ్డల మీద వాదాలు చాలా ఉన్నాయి, వాటి జోలికి నేను పోను. కానీ అది మన స్టేషన్లకూ వర్తిస్తుంది. 1856లో రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా వేసిన రైలుదారి మీదే మన కడంబత్తూరు స్టేషన్ ఉంది. తిరువళ్ళూరు, శెంజి పణంబాక్కం, మణవూరు, తిరువాలంగాడు, ఇలా అరక్కోణం దాకా ఏ ప్లాట్‌ఫారం మీద చూసినా కుక్కలు ఉంటాయి. వాటిని పట్టి బండి ఎక్కించడం తేలికే. ఆ బండి ఎక్కడికి పోవాలి? ప్రతి ఊరూ తనకో ఆశ్రయం కట్టుకోలేదు. ఒకవేళ కట్టుకున్నా అది ఎన్నాళ్ళు పనిచేస్తుందో ఒక చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది.

వంద కుక్కలకు చోటున్న ఆశ్రయం ఉందనుకోండి. వచ్చిన ప్రతి కుక్కా సగటున వంద రోజులు ఉంటే ఏడాదికి మూడు వందల అరవై అయిదింటికి సాయం అందుతుంది. ఆ వంద రోజులను యాభైకి తగ్గిస్తే అవే గదుల్లో, అంతే జీతాలతో, ఏడు వందల ముప్పై కుక్కలు బాగుపడి వెళతాయి. తిరిగి వెళ్ళే దారిలేని కుక్కలు, అంటే వెన్ను విరిగినవీ చూపు పోయినవీ, ఎనభై చేరితే మిగిలేది ఇరవై చోట్లే; అప్పుడు కొత్తగా దెబ్బతిన్నదానికి తలుపు మూసుకుపోతుంది. మన దేశంలో చాలా ఆశ్రయాల పరిస్థితి ఇదే. అక్కడి మనుషుల్లో దయ తక్కువై కాదు, ఎవరినీ కాదనలేక చోటు మించి చేర్చుకుంటారు. ఆ ఇరుకులోకి పార్వో వైరస్ వస్తే కూనలను పోగొట్టుకోక తప్పదు. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, నీళ్ళు పోసి కడిగితే పోదు. డిస్టెంపర్ అనే ఇంకో జబ్బు గాలిలోనే ఒక గది నుంచి ఇంకో గదికి పాకుతుంది. కాపాడదామని తెచ్చిన కూన రక్త విరేచనాలతో నాలుగు రోజుల్లో పోతే, దాన్ని తెచ్చిన వాలంటీరు మళ్ళీ ఆ గేటు దగ్గరికి రాలేడు. కాబట్టి ఆశ్రయం బలాన్ని గదుల లెక్కతో కొలవకూడదు. జంతువు అక్కడ ఉండే రోజులు ఎంత తగ్గాయన్నదే కొలత. ఆ రోజులు తగ్గాలంటే బయటికి పోయే దారులు కావాలి: దత్తత తీసుకునే ఇల్లు, మెరుగైన శస్త్రచికిత్స చేసే ఆసుపత్రి, జీవితాంతం ఉంచుకోగల విశాలమైన చోటు. ఇవన్నీ ఒకే సంస్థ చేతిలో ఎక్కడా ఉండవు.

మన చుట్టూ ఉన్నవాటిని ఒకసారి చూడండి. చెన్నై నగరంలో డాక్టర్లు ఉన్నారు, దత్తతకు వచ్చే కుటుంబాలు ఉన్నాయి, స్థలం లేదు. ఇటువైపు స్థలం ఉంది, కుక్కకు ఎముక అతికించగల సర్జన్ లేరు. 1903లో మొదలైన మద్రాసు పశువైద్య కళాశాల వేపేరిలో ఉంది. ఇటు రైలెక్కితే తిరుపతిలో శ్రీవేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. రెండు రాష్ట్రాల పశువైద్య విద్యకు మూలస్థానాల మధ్య ఉన్న ఊరు మనది. 1959లో కెప్టెన్ వి. సుందరం కుటుంబం మొదలుపెట్టిన బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా నగరంలో ఉంది. పీపుల్ ఫర్ యానిమల్స్ చెన్నై శాఖ ఆశ్రయం మన తిరువళ్ళూరు జిల్లాలోని రెడ్‌హిల్స్‌లో ఉంది. 2022 బడ్జెట్‌లో తమిళనాడు ప్రభుత్వం వళ్ళలార్ పేరిట మూగజీవాల ఆశ్రయాలకు, వాటిని నడిపే స్వచ్ఛంద సంస్థలకు సాయంగా 20 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. రోగమొచ్చిన పశువు దగ్గరికి 1962 నంబరు మీద సంచార వైద్య వాహనం వస్తుంది. ఇన్ని ఉన్నా, రాత్రి తొమ్మిదింటికి తిరువళ్ళూరు రోడ్డు మీద లారీ గుద్దిన కుక్కను ఏ తలుపు తట్టి అప్పగించాలో మన ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఇవన్నీ ఒకదానికొకటి ఏమి బాకీయో ఎక్కడా రాసుకోకపోవడమే అందుకు కారణం.

రాసుకుంటే ఏమవుతుందో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో చూపించింది. అక్కడ నగరానికి ఒక ప్రభుత్వ ఆశ్రయం, పక్కనే ఎస్‌పీసీఏ అనే ప్రైవేటు సంస్థ. ప్రభుత్వ ఆశ్రయం ఏ జంతువునూ కాదనడానికి వీల్లేదు, అందుకని చోటు చాలక ఆరోగ్యంగా ఉన్నవాటిని కూడా చంపాల్సి వచ్చేది. ఎస్‌పీసీఏకు డబ్బూ దాతలూ ఉన్నారు కానీ తనకు నచ్చినవాటినే తీసుకునే వీలుంది. 1994లో రిచర్డ్ అవాంజినో నాయకత్వంలో ఎస్‌పీసీఏ నగరంతో ఒప్పందం రాసుకుంది. ఆరోగ్యంగా ఉండి ప్రభుత్వ ఆశ్రయం ఇల్లు చూడలేకపోయిన ప్రతి కుక్కనూ, ప్రతి పిల్లినీ తాను తీసుకుంటానని మాట ఇచ్చింది. ఆ మాటతో ఆ నగరంలో ఆరోగ్యమైన జంతువును చోటు లేక చంపే అవసరం పోయింది. పదేళ్ళ తర్వాత, 2004లో, కాలిఫోర్నియాలోని అసిలోమార్‌లో అమెరికా సంస్థలు కూర్చుని ఏది ఆరోగ్యమైన జంతువు, ఏది నయం చేయగలిగినది, ఏది నయం కానిది అన్న వర్గీకరణకు ఉమ్మడి నిర్వచనాలు రాసుకున్నాయి. అంతవరకు ఒక ఆశ్రయం లెక్కను మరొకటి నమ్మేది కాదు. పైకి చిన్నపనిలా కనిపించే ఈ ఉమ్మడి నిర్వచనాలే పొత్తులోకెల్లా కష్టమైన భాగమని నా అభిప్రాయం. నా ఆశ్రయంలో ఎన్ని పోయాయో పక్కవారికి చూపించడానికి ఎవరికైనా మనసు రాదు.

అంతదూరం వెళ్ళనక్కర లేకుండా మద్రాసు చరిత్రే సాక్ష్యం చెబుతుంది. నగర కార్పొరేషన్ వందేళ్ళకు పైగా వీధికుక్కలను పట్టి చంపింది. బ్లూ క్రాస్ చెప్పే లెక్క ప్రకారం 1995 నాటికి రోజుకు 135 కుక్కల దాకా చంపేవారు. అయినా వీధుల్లో కుక్కలూ తగ్గలేదు, రేబీసూ తగ్గలేదు. ఖాళీ అయిన వీధిలోకి పక్క వీధి కుక్కలు వచ్చి చేరతాయి, మిగిలిన తిండి వల్ల కూనలు ఎక్కువ బతుకుతాయి. చంపడం మాని ఆపరేషన్లు చేయండని బ్లూ క్రాస్ 1964 నుంచీ అడుగుతూనే ఉంది. కార్పొరేషన్ 1996లో ఒప్పుకుంది. పట్టే మనుషులూ బండ్లూ కార్పొరేషన్‌వి, ఆపరేషన్, టీకా సంస్థలవి. ఎవరి పని వాళ్ళకు తెలిసిన ఆ పొత్తే తర్వాత 2001 నాటి కేంద్ర ప్రభుత్వపు కుక్కల జనన నియంత్రణ నియమాలకు నమూనా అయింది. దీన్ని గొప్ప విజయమని చెప్పి వదిలేస్తే నిజం సగమే చెప్పినట్టు. 2024లో చెన్నైలో లెక్కపెడితే వీధికుక్కలు సుమారు 1.8 లక్షలు తేలాయి. నగరం చుట్టుపక్కల ఊళ్ళను కలుపుకుని పెరిగింది, ఆపరేషన్ల వేగం దాన్ని అందుకోలేదు, చుట్టూ ఉన్న పంచాయతీల్లో ఆ పని దాదాపు మొదలే కాలేదు. పొత్తు నగరం సరిహద్దు దగ్గర ఆగిపోయింది, కుక్కలకు ఆ సరిహద్దు లేదు.

ఇక్కడే మన పరగణాకు సంబంధించిన అసలు విషయం ఉంది. ఒక ప్రాంతంలోని కుక్కల్లో నూటికి డెబ్బైకి టీకా పడితే రేబీస్ గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆడకుక్క ఏడాదికి రెండుసార్లు ఈనగలదు, చూలు రెండు నెలలే. కాబట్టి ఈ ఏడాది ఇరవైకి, వచ్చే ఏడాది ఇరవైకి అంటూ చేసుకుపోతే ఆ డెబ్బై ఎప్పటికీ రాదు. పుట్టేవి దాన్ని దాటిపోతాయి. కడంబత్తూరు ఒక్కటీ ఎంతో శ్రమపడి తన కుక్కలన్నిటికీ చేయించినా పక్క పంచాయతీ చేయకపోతే రెండేళ్ళలో మొదటికి వస్తుంది. తిరుత్తణి, పళ్ళిపట్టు వైపు అయితే పక్క ఊరే నగరి, అంటే పక్క రాష్ట్రం. 1960లో గీసిన ఆ గీత రెవెన్యూ రికార్డులకే, పిచ్చికుక్కకు కాదు. గోవాలో ఈ సంగతి గుర్తించి రాష్ట్రమంతటినీ ఒకే క్షేత్రంగా తీసుకున్నారు. రాష్ట్ర ప్రభుత్వం, మిషన్ రేబీస్ అనే సంస్థ, స్థానిక జంతు ఆశ్రయాలు కలిసి ఏటా సుమారు 95 వేల కుక్కలకు టీకాలు వేశారు. బడి పిల్లలకు పాఠాలు చెప్పారు, అనుమానం ఉన్న ప్రతి కుక్కనూ పరీక్షకు పంపారు. కుక్కల్లో రేబీస్ నెలవారీ కేసులు 92 శాతం తగ్గాయి, మనుషుల్లో రేబీస్ మరణాలు ఆగిపోయాయి. 2021లో గోవా ముఖ్యమంత్రి తమది రేబీస్ లేని రాష్ట్రమని ప్రకటించారు. అక్కడ ఏ ఒక్క ఆశ్రయమూ ఒంటరిగా ఆ పని చేయగలిగేది కాదు.

మనుషులకే దిక్కులేనప్పుడు కుక్కల కోసం ఇంత తతంగమా అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్న అడిగేవారిని నేను రాతిగుండెవారు అనుకోను. పిల్లవాడిని కుక్క కరిచిన ఇల్లు చూసినవారెవరూ అలా అనుకోలేరు. తమిళనాడులో 2024లో సుమారు 4.8 లక్షల కుక్కకాట్లు, 43 రేబీస్ మరణాలు నమోదయ్యాయి. కాటు పడేది కారులో పోయేవారికి కాదు. రెండో షిఫ్టు దిగి స్టేషన్ నుంచి నడిచి ఇంటికి పోయే కార్మికుడికి, ఇటుక బట్టీ దగ్గర ఆడుకునే పిల్లకు. పిచ్చికుక్క అనుమానంతో కాటుకు వైద్యం చేయించుకునేవారిలో నూటికి నలభై మంది పదిహేనేళ్ళ లోపువారే. ఆ పిల్లకు నాలుగు సూదులూ సమయానికి అందాలంటే ఆసుపత్రి కావాలి, నిజమే. అసలు ఆ కాటు పడకుండా ఉండాలంటే వీధిలోని కుక్కకు టీకా పడాలి, అది ఈనకుండా ఉండాలి. ఆ పని చేసేది ఈ సంస్థలే. మనిషికి చేసే మేలుకూ కుక్కకు చేసే మేలుకూ రేబీస్ విషయంలో ఖర్చు ఒకటే, సూది ఒకటే.

దీనికంటే బరువైన అభ్యంతరం నగరంతో పొత్తుకు ఒప్పుకోవలసిన పల్లెటూళ్ళది. మీకు స్థలం ఉంది కదా అని నగరం తన కుక్కలన్నిటినీ తెచ్చి మా మీద పోస్తుంది అంటారు. చెత్త విషయంలో, మురుగునీటి విషయంలో నగరాలు పొలిమేర ఊళ్ళను ఎలా చూశాయో తెలిసినవారి భయం అది, కొట్టిపారేయడానికి వీల్లేదు. అందుకే నోటిమాట పొత్తు చాలదంటున్నాను. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం ఆపరేషన్ అయిన వీధికుక్కను పట్టిన చోటే వదలాలి. నగరపు కుక్కను మన ఊళ్ళో వదలడం నియమాలకే విరుద్ధం. ఇక జీవితాంతం ఆశ్రయం కావలసినవి ఉంటాయి. అటునుంచి ఎన్ని అలాంటివి ఇటు వస్తే, ఇటునుంచి దత్తతకు తగిన అన్ని కూనలు, శస్త్రచికిత్స కావలసిన అన్ని కుక్కలు అటు వెళ్ళాలని ఒప్పందంలో సంఖ్యతో సహా ఉండాలి. వచ్చినదాని పోషణ ఖర్చు పంపినవారే నెలనెలా కట్టాలి. ఆ లెక్క తప్పితే మన తలుపు మూసుకునే హక్కు మనకు ఉండాలి. ఈ షరతులకు ఒప్పుకోని నగర సంస్థ ఎంత పేరున్నదైనా దానితో పొత్తు వద్దు.

పశువైద్యులు చెప్పే అభ్యంతరం ఒకటుంది: జంతువులను అటూ ఇటూ తిప్పితే రోగాలను కూడా తిప్పినట్టే. నూటికి నూరుపాళ్ళూ సరైన మాట. పద్నాలుగు రోజులు విడిగా ఉంచని కూన, టీకా చీటీ లేని కుక్క ఏ బండీ ఎక్కకూడదు. అలా ఉంచడానికి వేరే గది లేని ఆశ్రయం ముందు ఆ గది కట్టుకుని తర్వాత పొత్తులోకి రావాలి. పెద్ద సంస్థ చిన్నదాన్ని మింగేస్తుందన్న భయం కూడా విన్నాను. హైదరాబాదులో 1992లో అమల అక్కినేని మొదలుపెట్టిన బ్లూ క్రాస్, చెన్నై బ్లూ క్రాస్ రెండూ ఒకే పేరు పెట్టుకున్నా ఎవరి పాలన వారిదే, ఎవరి దాతలు వారివే. అమల స్వయంగా రుక్మిణీదేవి కళాక్షేత్రంలో చదువుకున్నారు. ఒక మనిషి దయ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఇలా పాకడానికి సంస్థలు కలిసిపోనక్కరలేదు.

ఆశ్రయం సులువుగా దొరికితే పెంపుడు జంతువులను వదిలేసేవారు ఎక్కువవుతారు అన్నదానికి మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు, సగమే ఉంది. తిండీ నీళ్ళూ లేక బాధపడే స్థితిలో జంతువును వదిలేయడం 1960 చట్టం 11వ సెక్షన్ కింద నేరం. మొదటి తప్పుకు ఆ చట్టం వేసే జరిమానా యాభై రూపాయలు మించదు, అదీ ఇప్పటికీ. యాభై రూపాయలకు భయపడి లాబ్రడార్‌ను ఇంట్లో ఉంచుకునేవారు ఉండరు. కానీ వదిలేసేవాడు ఆశ్రయం గేటు దగ్గర ఒక ఫారం నింపి, ఎందుకు ఉంచుకోలేకపోతున్నాడో చెప్పి వదిలితే ఆ కుక్క చరిత్ర మనకు తెలుస్తుంది. హైవే పక్కన వదిలితే దాని శవమే దొరుకుతుంది. చాలామందికి అవసరమయ్యేది నెల రోజుల తిండి, ఒక ఆపరేషన్ ఖర్చు, ఊరు మారేటప్పుడు రెండు వారాల చోటు. అవి అందిస్తే వదిలేయకుండా ఆగేవారు ఉంటారు. ఆ సాయం చేయడం కూడా పొత్తులో ఎవరి వంతో రాసుకోవాలి.

ఇక ఎవరూ మాట్లాడడానికి ఇష్టపడని షరతు ఒకటి ఉంది. నయం కాని బాధలో ఉన్న జంతువుకు సుఖమరణం ఇవ్వాలా, ఎవరు నిర్ణయించాలి? కొన్ని సంస్థలు ఎట్టి పరిస్థితిలోనూ వద్దంటాయి, కొన్ని డాక్టరు మాటకు వదిలేస్తాయి. ఈ ఒక్క విషయం మీద ఆశ్రయాలు విడిపోయి, ఒకరినొకరు హంతకులని తిట్టుకున్న సందర్భాలు ఎన్నో దేశాల్లో ఉన్నాయి. మన ఒప్పందంలో ఇది దాటవేయకూడదు. ఇద్దరు పశువైద్యులు, వేర్వేరు సంస్థలకు చెందినవారు, రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే అని ఉండాలి. చోటు లేకపోవడం, డబ్బు లేకపోవడం ఆ కాగితం మీద కారణాలుగా రాయడానికి వీల్లేదని స్పష్టంగా ఉండాలి.

ఇందులో మొదటి సంతకం కడంబత్తూరు పంచాయతీ యూనియన్‌ది కావాలి, ఎందుకంటే 2023 నియమాల కింద కుక్కల జనన నియంత్రణ బాధ్యత స్థానిక సంస్థదే. రెండోది జిల్లా పశుసంవర్ధక శాఖది. తర్వాత చెన్నై నుంచి ఒక సంస్థ, రెడ్‌హిల్స్ వైపు నుంచి ఒకటి, అవతల నగరి మునిసిపాలిటీ. తిరుపతి విశ్వవిద్యాలయం తన విద్యార్థులకు శస్త్రచికిత్స శిక్షణా శిబిరాలు ఇక్కడ పెడితే ఆపరేషన్ల ఖర్చు తగ్గుతుంది. పట్టిన ప్రతి కుక్కకూ ఒకే రిజిస్టరు, తమిళంలోనూ తెలుగులోనూ. పట్టిన వీధి, తేదీ, టీకా, ఆపరేషన్ అయిందనడానికి గుర్తుగా చెవికి పెట్టిన గాటు, వదిలిన వీధి. సెప్టెంబరు 28 ప్రపంచ రేబీస్ దినం. ఆ లోపు కడంబత్తూరు, తిరువాలంగాడు, తిరుత్తణి యూనియన్ల కుక్కల లెక్క తీయగలిగితే ఎన్ని ఆపరేషన్లు కావాలో, ఎన్ని టీకా సీసాలు కావాలో, ఎంత డబ్బు కావాలో తేలుతుంది. అప్పుడు వళ్ళలార్ పథకం కింద దరఖాస్తు పెట్టుకోవడానికి మన చేతిలో ఒక అంకె ఉంటుంది.